నెట్‌కి ఇవతల

ఆసుపత్రి లాండ్రీ,
ఫిబ్రవరి.

చిరంజీవి చిన్నాకి,

అక్క దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్ళు మాత్రం మెట్లు చూస్తే మొరాయిస్తున్నాయి.

నిన్న సాయంత్రం టీవీలో మీ కెప్టెన్ మొహం కనపడగానే అమ్మ, మీరంతా పిలిచే ముద్దుపేరుతోనే, "పొడుగొచ్చాడే, పొడుగొచ్చాడు" అని నా భుజం తట్టింది. మీరు వాలీబాల్ పోటీ ఏదో గెలిచారేమో అనుకున్నాను. కింద అక్షరాలు పరుగెడుతున్నాయి. "నేను గే. ఇన్నాళ్ళూ దాచాను, ఇక దాచను" అన్నాడట. మీ బావ చటుక్కున టీవీ కట్టేశారు. ఇంట్లో చిన్నపిల్లలెవరూ లేరు, అయినా కట్టేశారు. అమ్మకి అర్థం కాక "అంటే ఏమిటే?" అంది. నాకు తోచినట్టు చెప్పాను. "అయితే ఏ ఆడపిల్లనీ ఏడిపించడన్నమాట" అంది. మీ బావ లేచి బయటికి వెళ్ళిపోయారు.

నాకు మాత్రం ఏదోలా ఉందిరా. మనింటికి వచ్చినప్పుడు గుమ్మం తలకి తగలకుండా వంగి వంగి నడిచాడు, మూలనపడ్డ ఫ్యాను విప్పి తిరిగేలా చేశాడు, బూట్లతో లోపలికి వచ్చినందుకు అమ్మ చేత తిట్లు కూడా తిన్నాడు. అతనిలో నాకు ఏ తేడా కనపడలేదు. అదే భయంగా ఉంది. ఇలాంటిది పైకి కనపడకుండా ఉంటుందా?

లాండ్రీలో కూడా ఇదే గోల. ఉతికే డ్రమ్ములు తిరుగుతుంటే ఒకరి మాట ఒకరికి వినపడదు కదా, అందరం పెదవులు చూసే మాట్లాడుకుంటాం. నాకైతే డ్రమ్ములు ఆగాక కూడా అంతే. ఆ మూల నుంచి ఒకతి అడిగింది, "మీ తమ్ముడూ అతనూ ఒకే గదిలో ఉంటారుగా?" అని. దుప్పట్లు మడతపెడుతూ చూడనట్టు ఊరుకున్నాను. మా దగ్గర చూడకపోతే విననట్టే.

అందుకే రాస్తున్నాను. ఈ ఉత్తరం అందగానే గది మార్పించుకో. అతను మంచివాడే కావచ్చు. మధ్యలో నీ పేరెందుకు నలగాలి?

ఇంకో మాట. బావ స్నేహితుడి చెల్లెలు ఒకమ్మాయి ఉంది. కళ్ళజోళ్ళ దుకాణంలో పని. ఆట సీజన్ అయ్యాక ఒకసారి వచ్చి చూడు. జవాబు లాండ్రీ చిరునామాకే రాయి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మీ బావ జేబులోనే ఉంటుందని నీకు తెలుసు.

మీ అక్క


శిక్షణ శిబిరం,
ఫిబ్రవరి చివర.

అక్కా,

నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పకముందే గది మారిపోయింది. నేను అడగలేదు. ప్రాక్టీసు నుంచి తిరిగొచ్చేసరికి నా పెట్టె నడవలో ఉంది. ఇప్పుడు కొత్తగా వచ్చిన కుర్రాడితో ఉంటున్నాను, వాడు నిద్రలో కూడా స్కోరు చెబుతాడు.

ఎవరితోనూ ఏమీ మాట్లాడొద్దని మేనేజర్ అందరికీ చెప్పారు. ఎవరూ పొడుగుని ఏమీ అనడం లేదు. అనకుండానే అన్నీ చేస్తున్నారు. బట్టలు మార్చుకునే గదిలో అతని బల్ల పక్క బల్లలు మెల్లగా జరిగిపోయాయి. అతను స్నానానికి వెళితే మిగతావాళ్ళకి సరిగ్గా అప్పుడే బూట్ల తాళ్ళు చిక్కుపడతాయి. మాలిష్ చేసే ఆయన ఇన్నేళ్ళూ అతని భుజాన్ని ఉత్త చేతుల్తో పిసికినవాడు, ఇప్పుడు తువ్వాలు వేసి దానిమీద నుంచి పిసుకుతున్నాడు.

మొన్న ఒకడు జోకు వేశాడు. ఏమిటన్నది రాయను. అందరూ నవ్వారు. పొడుగు అక్కడే ఉన్నాడు. నేనూ నవ్వాను.

ఆట బాగానే సాగుతోంది. పెళ్ళిచూపుల సంగతి ఇప్పుడు కాదు. అమ్మ మోకాళ్ళకి వేడినీళ్ళ సంచి కొనివ్వు.

చిన్నా


ఆసుపత్రి లాండ్రీ,
మార్చి.

చిన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో ఆట గురించి ఒక్క వాక్యమే ఉంది. ఇదివరకు ఆట తప్ప ఇంకేం ఉండేది కాదు. ఒంట్లో బాగాలేదా?

ఇక్కడ సంగతులు చెబుతాను. బస్సు డిపోలో మీ బావకి తల ఎత్తుకోవడం కష్టంగా ఉంది. ఆయన బస్సుల వేళలు రాసే బోర్డు మీద ఎవరో నీ గురించీ పొడుగు గురించీ ఏదో బొమ్మ గీసి పోయారట. ఏమిటని అడిగితే చెప్పలేదు. తడిగుడ్డతో తుడిచి, వేళలన్నీ మళ్ళీ రాసి ఇంటికి వచ్చారు. అన్నం ముందు కూర్చుని, "వాడికి త్వరగా ఓ సంబంధం కుదిర్చేయ్. నోళ్ళు వాటంతటవే మూతపడతాయి" అన్నారు. కోపంగా కాదురా, బతిమాలుతున్నట్టే అన్నారు.

నువ్వు ఇప్పుడు కాదన్నావు. ఎప్పుడో చెప్పు మరి. అమ్మాయి వాళ్ళు అడుగుతున్నారు. ఏదో ఒకటి చెప్పకపోతే నేను రెండు వైపులా దోషినవుతున్నాను.

అమ్మ మాత్రం "పొడుగుని ఓసారి రమ్మనవే, పాపం ఎవరూ పలకరించడం లేదేమో" అంటోంది. మీ బావ వినేలా అనొద్దని సైగ చేస్తే, "నీకు వినపడదని నేనూ మానెయ్యాలా మాట్లాడ్డం?" అని కసిరింది.

మీ అక్క


శిక్షణ శిబిరం,
ఏప్రిల్.

అక్కా,

ఈపాటికి టీవీలో చూసే ఉంటావు. నేనే రాద్దామనుకున్నాను, ఆలస్యమైంది.

మేనేజర్ నన్ను తన గదికి పిలిచారు. కోచ్ గారు కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నారు, నేను బయటికి వచ్చేదాకా నావైపు తిరగనే లేదు. "పొడుగుకి కొన్నాళ్ళు విశ్రాంతి ఇస్తున్నాం. కెప్టెన్‌వి నువ్వే" అన్నారు మేనేజర్. నాకంటే పెద్దవాళ్ళున్నారు కదండీ అన్నాను. "నీ మాట అందరూ వింటారు. అతనితో ఎక్కువ ఉన్నదీ నువ్వే. నువ్వు చెబితేనే జనం నమ్ముతారు" అన్నారు. బల్ల మీద కాగితం ఉంది. చదవమన్నారు. నా మాటలు కావు గానీ నేను అన్నట్టే రాసి ఉన్నాయి.

మర్నాడు కెమెరాల ముందు అదే చదివాను. ఎవరి సొంత జీవితం వాళ్ళదని మొదలుపెట్టి, అతని మాటల వల్ల జట్టంతా ఇబ్బంది పడిందనీ, మాది కుటుంబాలు చూసే ఆట అనీ, నాకు వ్యక్తిగతంగా మోసపోయినట్టు అనిపించిందనీ. ఆ చివరి ముక్క తీసేయమని అడిగాను. "అదే ముఖ్యం" అన్నారు.

మా మధ్య గొడవలేం లేవని చూపించడానికి పొడుగుని కూడా హాల్లో నిలబెట్టారు. చదువుతున్నంతసేపూ నేను తల ఎత్తలేదు.

ఇప్పుడు నా చొక్కా మీద అంకె కింద కెప్టెన్ గీత కుట్టారు. ఆ దారం ముడి లోపల ఛాతీకి గీసుకుంటూ ఉంటుంది.

ఆ అమ్మాయి విషయం బావ ఇష్టం. వచ్చేనెల వస్తానని చెప్పండి.

చిన్నా


ఆసుపత్రి లాండ్రీ,
ఏప్రిల్.

చిన్నా,

నువ్వు సరేనన్నావని మీ బావకి చెప్పగానే ఆయన మొహం వికసించింది. పక్కింటాయనకి చెప్పారు, డిపోలో చెప్పారు. కొత్త కెప్టెన్ బావగారినని గొంతు సవరించుకుని మరీ చెప్పారని అమ్మ నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. ఎందుకో చెబుతాను. నిదానంగా చదువు.

ఆ రోజు నువ్వు చదివింది టీవీలో మళ్ళీ మళ్ళీ వేశారు. దానికి ముందు మీరంతా హాల్లోకి వస్తున్న బొమ్మ వేసేవాళ్ళు. తలుపు పక్కన పొడుగు ఉన్నాడు. నువ్వు అతని ముందు నుంచి వెళుతుంటే వంగి నీ చెవిలో ఏదో అన్నాడు. అతని మొహం కెమెరా వైపే ఉంది. ఆ సమయంలో వార్తలు చదివే అమ్మాయి మాట్లాడుతూ ఉందట, కాబట్టి ఎవరికీ ఏమీ వినపడలేదు. నాకు ఎప్పుడూ వినపడదు కదా. నేను పెదవులే చూశాను.

ప, బ, మ పెదవుల మీద ఒక్కలాగే ఉంటాయి. తొందరపడి తప్పు చదివానేమోనని, ఆ బొమ్మ వచ్చిన ప్రతిసారీ టీవీకి అంత దగ్గరగా వెళ్ళి కూర్చున్నాను. "భయపడకు. నీ పేరు నా నోట రాదు" అన్నాడు.

నీకు భయమెందుకురా? నీ పేరు అతని నోట ఎందుకు రావాలి?

నేను అనుకుంటున్నది తప్పయితే తిట్టు. పడతాను. ఇంకో సంగతి. ఇక్కడ పెదవులు చదవడం వచ్చింది నాకొక్కదానికే కాదు. దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలర్ దగ్గర ఉండే పెద్దమ్మ ఇవాళ పొద్దున ఆవిర్లలోంచి నన్నే చూస్తూ, "చూశాను" అంది. అంతే అంది. ఆ తర్వాత తెల్ల దుప్పటి ఒకటి మడత తప్పుగా పెట్టి మళ్ళీ విప్పాను.

మీ అక్క


శిక్షణ శిబిరం,
మే.

అక్కా,

తప్పు చదవలేదు నువ్వు.

ఈ వాక్యం రాసి, కలం పెట్టేసి, మైదానం చుట్టూ నడిచి వచ్చాను. ఇక దాచడానికి ఏమీ లేదు కాబట్టి మొత్తం రాస్తాను. ఇలాంటివి ఇంట్లో చెప్పుకునే అలవాటు మనకి లేదు, తెలుసు.

నేనూ అంతే. పొడుగు వల్ల అలా అయ్యానని అనుకోకు. నాకు మీసాలు రాకముందు నుంచీ తెలుసు. అతను జట్టులోకి వచ్చాక, తెలిసిన ఆ ఒక్క సంగతికి ఒక మొహం వచ్చింది. మేమిద్దరం ఒకరికొకరం. ఏళ్ళుగా. మనింటికి వచ్చింది కూడా జట్టులో స్నేహితుడిగా రాలేదు. నేను ఎవరి మధ్య పుట్టి పెరిగానో ఆ మనుషుల్ని చూడాలన్నాడు. ఆ రోజు ఫ్యాను బాగుచేస్తూ స్టూలు మీద నుంచి నావైపు చూసి నవ్వాడు, మీరందరూ అక్కడే ఉన్నారు, నాకు ప్రాణం పోయినంత పనైంది.

చెప్పేస్తానని అతను అన్నప్పుడు వద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను. "నా సంగతే చెబుతాను. నీ గురించి నువ్వు చెప్పుకునేదాకా ఎవరికీ తెలీదు" అన్నాడు. ఆ మాట మీదే ఉన్నాడు. మాట తప్పింది నేను. మోసపోయినట్టు అనిపించిందని వాళ్ళు రాసిచ్చింది నా గొంతుతో చదివాను.

ఇప్పుడు నా పరిస్థితి చెబుతాను. జట్టులో బంతిని లేపి పెట్టే లిఫ్టర్‌ని నేను. గాల్లోకి ఎగిరి దాన్ని అవతలికి బాదేవాడు అతను. అతను ఎక్కడ లేస్తాడో నేను చూడక్కర్లేదు, వీపుకి తెలిసిపోయేది. ఇప్పటికీ బంతి చేతికి రాగానే అతను ఉండే చోటికే లేపుతున్నాను. అక్కడ ఎవరూ ఉండరు. బంతి వచ్చి నేల మీద పడుతుంది. కోచ్ గారు అరుస్తారు. కుర్రాడు "అన్నా, నేనిక్కడున్నా" అంటాడు.

నోరు విప్పితే ఆట పోతుంది, ఇల్లు పోతుంది. విప్పకపోతే ఆ గీత చొక్కా తొడుక్కుని రోజూ అందరి ముందుకీ వెళ్ళాలి. పెళ్ళి చేసుకుంటే ఆ అమ్మాయిని కూడా నాతోపాటు ఈ గదిలో పెట్టి తాళం వేసినట్టే. అయినా సరేనన్నాను చూడు. అంత పిరికివాణ్ణి.

బావకి చెప్పకు. నన్ను అసహ్యించుకుంటే ఆ సంగతి నాకు రాయి, రాయకుండా ఉండకు.

చిన్నా


ఆసుపత్రి లాండ్రీ,
మే చివర.

చిన్నా,

అడిగావు కాబట్టి నిజమే చెబుతాను. నీ ఉత్తరం చదివాక ఒళ్ళు జలదరించింది. అది అసహ్యమో భయమో నాకే తెలీదు. నీమీద కోపం కూడా వచ్చింది. ఇంత బరువు తెచ్చి నా నెత్తిన పెట్టాడేమిటి, నేనెవరితో చెప్పుకోను అని. పని దగ్గర డ్రమ్ములు తిరుగుతుంటే గట్టిగా అరిచాను. ఎవరికీ వినపడదు కదా. పెద్దమ్మ ఒక్కతే చూసింది. దగ్గరికి వచ్చి, "నాకు చెవులెప్పుడో పోయాయి. కళ్ళు కూడా మసకలే అనుకో, ఏదీ సరిగ్గా కనపడి చావదు" అంది. ఇక ఆవిడ వైపు నుంచి భయం లేదు.

తర్వాత కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళాను. ఆ అమ్మాయి నా ముక్కు మీద ఒకదాని తర్వాత ఒకటి ఫ్రేములు పెడుతోంది. నేను చెప్పాల్సింది వదిలేసి ప్రతిదాని ధరా అడుగుతున్నాను. చివరికి, "మా తమ్ముడికి ఇప్పట్లో పెళ్ళి ఉద్దేశం లేదమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నా మొహంలోకి చూసి, నాకు తెలిసేలా నిదానంగా పెదవులు కదుపుతూ, "కారణం ఇంకేదో ఉంది కదండీ? అడగనులెండి. నేనే వద్దన్నానని మా ఇంట్లో చెబుతాను" అంది. నీకెందుకమ్మా ఆ చెడ్డపేరు అంటే, "నాకూ ఇష్టం లేదు కాబట్టి" అంది. ఇద్దరం అద్దాల మధ్య నిలబడి నవ్వాం.

గండం గడిచిందనుకున్నాను. గడవలేదు. అమ్మాయే కాదందని తెలిసి మీ బావ తోక తొక్కిన తాచులా లేచారు. "మనవాడికేం తక్కువ? ఊళ్ళో మాటలు చెవిన పడి ఉంటాయి. ఇప్పుడు అందరూ అదే అనుకుంటారు" అన్నారు. నేను విప్పిన ముడి ఇంకో చోట బిగుసుకుంది.

నిన్ను ఇంటికి రమ్మనలేను. ఇది ఆయన ఇల్లు, అమ్మ ఇక్కడ ఉంటోంది. నాకు అడుగు తీసి ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. నిన్ను అసహ్యించుకోవడం మాత్రం నావల్ల కాలేదు. ప్రయత్నించాను.

మీ అక్క


శిక్షణ శిబిరం,
జూలై.

అక్కా,

కళ్ళజోళ్ళ అమ్మాయికి నా తరఫున దండం పెట్టు.

పొడుగు వెళ్ళిపోయాడు. పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు ఒకటి అతన్ని తీసుకుంది. వాళ్ళకి కొత్తగా పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. బూట్లు తీసుకెళ్ళడానికి వచ్చాడు. అతన్ని చూడగానే బట్టలు మార్చుకునే గది ఖాళీ అయింది. నేను మిగిలాను.

ఏమైనా అంటాడని చూశాను. బూట్లు దులిపి సంచిలో పెట్టుకుంటున్నాడు. చివరికి నేనే, "నా పేరు చెప్పనందుకు..." అని మొదలుపెట్టాను.

"నీ పేరు చెప్పనన్నాను, చెప్పలేదు. నా పేరు మాత్రం నువ్వు అందరి ముందూ చదివావు" అన్నాడు.

రాసిచ్చారన్నాను.

"రాసినవాడి మీద నాకు కోపం లేదు. వాడెవడో నాకు తెలీదు."

సంచి భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "అమ్మగారు ఎలా ఉన్నారు?" అన్నాడు. మోకాళ్ళ నొప్పులన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు. వెనక్కి రమ్మని పిలవాలనుకున్నాను, నడవలో వాళ్ళంతా ఉన్నారు.

వచ్చేనెల మీ ఊళ్ళోనే మా రెండు జట్లకీ ఆట. బావకి పాసులు పంపిస్తున్నాను, పంపకపోతే అనుమానం. నువ్వు రాకపోతేనే మంచిది. వాళ్ళు అరిచేవి...

మర్చిపోయాను. నీకు వినపడవు కదా. నువ్వే అదృష్టవంతురాలివి.

చిన్నా


ఆసుపత్రి లాండ్రీ,
ఆగస్టు.

చిన్నా,

అదృష్టవంతురాలినన్నావు. చెవులు లేనివాళ్ళకి నోళ్ళు కనపడతాయిరా.

మీ బస్సు మమ్మల్ని కలవనివ్వకుండా నిన్ను తీసుకుపోయింది. అందుకే నేను చూసింది రాస్తున్నాను. నువ్వు నెట్‌కి ఇవతల ఉన్నావు, నీ వెనక ఏముందో నీకు కనపడలేదు.

పొడుగు సర్వీసుకి వెళ్ళినప్పుడల్లా గ్యాలరీ మొత్తం లేచింది. అన్ని నోళ్ళూ ఒకే మాట మీద తెరుచుకుని, ఒకే మాట మీద మూసుకున్నాయి. నా ముందు వరుసలో ఒకావిడ ఒళ్ళో పిల్లని పెట్టుకుని మరీ అంటోంది. మాకు రొట్టెలమ్మే ఆయన అంటున్నాడు. మీ బావ అనలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూస్తున్నారు. పొడుగు బంతి నేలకి కొట్టి, పట్టుకుని, మళ్ళీ కొట్టి, విసరకుండా నిలబడ్డాడు. మీవాళ్ళు కొందరు నవ్వుతున్నారు.

అప్పుడు నువ్వు ఎత్తు కుర్చీలో ఉన్న రిఫరీ దగ్గరికి వెళ్ళావు. ఆయనతో మాట్లాడే హక్కు కెప్టెన్‌కి ఒక్కడికే ఉంటుందని మీ బావ ఒకప్పుడు చెప్పారు. నీ మొహం నా వైపే ఉంది.

"వాళ్ళు ఆపేదాకా మేం ఆడం" అన్నావు.

ఆయన వంగి ఏదో అన్నాడు. మొహం అటు తిరిగి ఉండి నాకు పెదవులు కనపడలేదు. నీ జవాబుని బట్టి తెలిసింది, "నీ జట్టుని కాదుగా తిట్టేది" అని ఉంటాడు.

"నన్నే తిడుతున్నారు" అన్నావు.

మళ్ళీ అన్నావు. "ఆ మాట నన్నే."

ఇందులో ప, బ, మ ఉన్నా లేకపోయినా నేను తప్పు చదవను. నువ్వు వెళ్ళి నేల మీద కూర్చున్నావు. కుర్రాడు నీ పక్కన కూర్చున్నాడు, ఎందుకు కూర్చోవాలో తెలియకుండానే. ఇంకెవరూ కూర్చోలేదు. గ్యాలరీ ఇప్పుడు నీవైపు తిరిగింది. అన్ని నోళ్ళూ చదివాను.

ఇంటికి నడిచి వస్తూ మీ బావ దారంతా నాకు రెండడుగులు ముందే ఉన్నారు. గుమ్మం దగ్గర నా వైపు తిరిగి, "వాడు అంత పని ఎవరి కోసం చేశాడు?" అన్నారు.

"వాణ్ణే అడగండి" అన్నాను.

"అడగను. అడిగితే చెప్పేస్తాడు."

చెప్పులు విప్పుతూ, "కొన్నాళ్ళు ఈ ఇంటికి రావద్దని రాయి" అన్నారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాశాను.

మీ అక్క


శిక్షణ శిబిరం,
ఆగస్టు.

అక్కా,

నువ్వు చదివావని నాకు తెలీదు. ఆ హోరులో రిఫరీకి తప్ప ఎవరికీ వినపడదన్న ధైర్యంతోనే అన్నాను. ఆయన తన నివేదికలో "శబ్దం వల్ల ఆట కాసేపు ఆగింది" అని మాత్రం రాశాడు. ఎందుకు అలా రాశాడో, మంచివాడో, తలనొప్పి ఎందుకని ఊరుకున్నాడో తెలీదు.

పొడుగు విన్నాడు. నేను రిఫరీ దగ్గరికి వెళ్ళడం చూసి అతనూ బంతితో నెట్ దాకా వచ్చాడు. నావైపు నవ్వలేదు, చెయ్యి ఊపలేదు. ఆట మొదలవగానే మొదటి సర్వీసు సూటిగా నామీదికి కొట్టాడు, ఎడమ భుజం మీదికి, నేను ఎప్పుడూ తీయలేని చోటికి. పాయింటు వాళ్ళకి. జాలి పడి ఉంటే చచ్చిపోయేవాణ్ణి. ఈ మధ్య నాతో ఎవరూ అంత నిజంగా ఆడలేదు.

చొక్కా మీద గీత విప్పేశారు. గేటు బయట విలేకరులు ఉన్నారు, అందుకని నన్ను గది దాటొద్దన్నారు. భోజనం కుర్రాడు తెస్తున్నాడు. వాడిని కూడా మాట్లాడొద్దన్నారు, స్కోరు మాత్రం చెబుతున్నాడు.

మేనేజర్ కొత్త కాగితం తెచ్చారు. ఆట గౌరవం కోసమే అలా చేశాననీ, నాకు పెళ్ళి నిశ్చయమైందనీ. సోమవారం చదవాలి. చదివితే మళ్ళీ ఆడనిస్తారు. ఆట తప్ప నాకు వేరే పని రాదు, అది ఆయనకీ తెలుసు.

ఆ రోజు ఆట నుంచి తిరిగొచ్చి బస్సు దిగుతుంటే ఒక విలేకరి మధ్యలో దూరి మైకు నా నోటి దగ్గర పెట్టాడు. "నువ్వూ అంతేనా?" అన్నాడు. అవుననలేదు అక్కా. అంత లేదు నాలో. కాదని కూడా అనలేదు. ఇదివరకు ఎవరు ఏ మూల నుంచి అడిగినా, నవ్వుతూ అడిగినా, కాదు అనడానికి నా నోరు సిద్ధంగా ఉండేది. ఆ రోజు ఆ మాట రాలేదు. అంతమంది చూస్తుండగా ఊరికే నిలబడ్డాను.

సోమవారం ఏం చేస్తానో తెలీదు. కాగితం బల్ల మీద ఉంది. కిటికీ తెరవొద్దన్నారు, ఫోటోలు తీస్తారట. ఉక్కపోతగా ఉంది.

బావ మీద కోపం లేదని చెప్పు. చెప్పకపోయినా సరే.

చిన్నా


ఆసుపత్రి లాండ్రీ,
ఆగస్టు, శుక్రవారం.

చిన్నా,

ఇది కుర్రాడి చేతికి ఇచ్చేలా మా ఆసుపత్రి వ్యాను డ్రైవరుతో పంపుతున్నాను.

అమ్మకి చెప్పాను. నీ అనుమతి లేకుండానే చెప్పాను, తిట్టుకో. ఒప్పుకుంటుందనుకున్నాను, పొడుగు అంటే ఇష్టం కదా అని. ఏడ్చింది. "నాతో ఎందుకు చెప్పావే?" అంది. గోడవైపు తిరిగి పడుకుంది. అతను వేరు, నువ్వు వేరు ఆవిడకి. ఇవాళ పొద్దున దాకా నాతో మాట్లాడలేదు.

నిన్ను ఇంటికి రమ్మనడం నా చేతుల్లో లేదు. రావడం నా చేతుల్లో ఉంది. ఆదివారం వస్తున్నాను. గేటు దగ్గర ఆపితే ఆపనీ, వాళ్ళు చెప్పేది నాకు వినపడదు. సోమవారం నువ్వు ఆ కాగితం చదివినా, చించినా, నోరు తెరిచి ఇంకేం చెప్పినా, కెమెరాల వెనక నీకు కనపడేలా నిలబడతాను. గొంతు రాకపోయినా పరవాలేదు. నా వైపు చూసి పెదవులు కదుపు చాలు.

మీ బావకి చెప్పాను. డిపోకి వెళ్ళేముందు బల్ల మీద బస్సు వేళలు రాసిన చీటీ పెట్టి వెళ్ళిపోయారు.

అది చూసి అమ్మ లేచి కూర్చుంది. కళ్ళజోడు తుడుచుకుంది. చీటీ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, "నా మోకాళ్ళతో ఆ బస్సు మెట్లు ఒక్కదాన్నే ఎక్కలేను. నాకూ కిటికీ పక్క సీటు దొరుకుతుందేమో కనుక్కో" అంది.

మీ అక్క